బ్రాకెన్ జీను

అల్వర్‌స్టన్, టాస్మేనియా
6 ఫిబ్రవరి 1996

ఒరేయ్ క్లెమ్,

నీ క్రిస్మస్ కార్డు జనవరి ఇరవయ్యో తారీఖున చేరింది. అందులో "వాన లేదు. ఒంట్లో బాగుంది" అని రెండే ముక్కలు. రేడియోలో వాతావరణం చదివేవాడు కూడా నీకంటే ఎక్కువ చెబుతాడు. ఈసారి మాత్రం నీ నుంచి నాలుగు మాటలు ఎక్కువ కావాలి నాకు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

కిల్లారూ నుంచి ఒక కాగితాల కట్ట వచ్చింది. ఆర్మిటేజ్ గారి మనవరాలు హిలరీ పంపింది. మన ఊళ్ళో గుర్రాలతో కంచెలు దూకించే హర్డిల్ పందెం ఈ మే నెలలో నూరోసారి జరుగుతుందట కదా, దాని చరిత్ర పుస్తకంగా వేస్తున్నారట. బతికున్న పాత రౌతులందరికీ పంపి, తప్పులుంటే దిద్దమని అడిగింది. మీ బావకు ఎంతో మర్యాదగా రాసింది పిల్ల.

కళ్ళు ఆనవు కాబట్టి నన్ను పైకి చదవమన్నాడు. 1892లో మొదటి పందెం గొర్రెల దొడ్ల కంచెల మీదుగా పెట్టారట. ఏడు గుర్రాలు బయలుదేరితే ముగింపు గీత దాకా వచ్చినవి రెండేనట. ఒకటి దారి తప్పి తిన్నగా తన ఇంటికి పోయి గడ్డి తింటూ నిలబడిందట. మీ బావ నవ్వాడు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి మూతి ఒకవైపే నవ్వుతుంది, అయినా నవ్వాడు. 1908లో నూట అరవై పౌండ్లు మోసి గెలిచిన పాదరీ గారి గుర్రం దగ్గర, "దాని వీపు మీద బరువుకి సీసం కాదే, పాదరీ గారి ప్రసంగాలు పెట్టుంటారు" అన్నాడు. అంత బాగున్నాడు ఆ పూట.

తరవాత 1947 వచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను చూడు.

"కర్నల్, 154 పౌండ్లు, యజమాని హెచ్. ఆర్మిటేజ్. ముందుగా గీత దాటిన బ్రాకెన్, 130 పౌండ్లు, రౌతు డి. లోనర్గన్, మోసిన బరువు విషయంలో అనుమానం తలెత్తినందున తొలగించబడింది."

నేను ఆగిపోయాను. కాగితం ఇలా ఇమ్మని తీసుకుని, భూతద్దం పెట్టుకుని తనే చదివాడు. "బరువు దొంగని నేను" అన్నాడు. అంతే. చాయ్ చల్లారిపోయింది.

నీకు నేను చెప్పాలా? మంచి గుర్రానికి ఎక్కువ బరువు, నాసి గుర్రానికి తక్కువ బరువు. జీను కింద సంచుల్లో సీసం బిళ్ళలు పెట్టి అన్నిటినీ సమానం చేస్తారు. ఆ సీసంలో మోసం చేశాడంటే ఆ రౌతు బతుక్కి ఇక విలువేముంది? పందెం అయ్యాక జీను అధికారి ఎదుటే దింపి తూచాలి. గీత దాటాక కింద పడి తొంటి ఎముక విరిగితే మీ బావను ఆసుపత్రికి మోసుకుపోయారు. అలాంటప్పుడు అధికారే వచ్చి గుర్రం మీద నుంచి జీను దింపుకుంటాడు. ఆయన వచ్చేలోగా ఎవడో జీను విప్పి పక్కన పడేశాడు. మధ్యలో ఎవడు ముట్టుకున్నా పందెం పోయినట్టే, నియమం అది. విప్పింది వాలీ స్నెల్ అని ఊరంతటికీ తెలుసు. వాడు ఆర్మిటేజ్ వాళ్ళ గుర్రాలు చూసుకునేవాడు, వాళ్ళ కర్నల్ గెలవాలని చేశాడు.

నువ్వు అక్కడే ఉన్నావు. బ్రాకెన్‌ను చూసుకున్నది నువ్వే. ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి, జరిగింది చెప్పి, కాగితం మీద సంతకం పెట్టు. మార్చి ఆఖరున అచ్చుకి పోతుందట. మీ బావకు ఇంకో పుస్తకం చూసే ఆయుష్షు లేదు.

మీ అక్క,
అయిలీన్


కిల్లారూ
19 ఫిబ్రవరి 1996

అక్కకు,

ఉత్తరం అందింది. బావ ఆరోగ్యం సంగతి చదివి బాధ కలిగింది.

ఇక్కడ పందెం కంచెల పని మొదలయింది. ఎనిమిదీ మళ్ళీ కట్టాలి. వాగు అవతల టీ-ట్రీ పొదల కొమ్మలు ఈ ఏడు పొట్టిగా ఉన్నాయి. రెండు బళ్ళు తెచ్చాం. ఇంకా నాలుగు కావాలి. చట్రంలో కొమ్మలు బిగుతుగా కుక్కాలి, పైన మాత్రం వదులుగా ఉండాలి. అప్పుడే గుర్రం కాలు తగిలినా జారిపోతుంది. నూరో పందెం అని కొత్తగా తెల్ల రంగు కొనిచ్చారు.

హిలరీ మొన్న నా దగ్గరికీ వచ్చింది. యుద్ధమప్పుడు నాలుగేళ్ళు, మరుసటి ఏడు వరద వల్ల ఒకటి, మొత్తం ఐదేళ్ళు పందెం జరగలేదు కదా, ఆ వరద గురించి చెప్పమంది. నీళ్ళు వచ్చాయి, పోయాయి అని చెప్పాను. "క్లెమ్ బాబాయ్, మీ నోట్లోంచి మాట తియ్యడం కన్నా ఊబిలోంచి ఆవును తియ్యడం సులువు" అంది.

పుస్తకం సంగతి చూస్తాను.

వాలీకి మోకాలు నొప్పి. అయినా పనికి వస్తున్నాడు.

నీ తమ్ముడు,
క్లెమ్


అల్వర్‌స్టన్
2 మార్చి 1996

క్లెమ్,

"చూస్తాను" అంటే ఏమిట్రా? ఏం చూస్తావు? కొమ్మలు పొడుగవుతాయేమో చూస్తావా?

ఆ చివరి వాక్యం మూడుసార్లు చదివాను. వాలీ పనికి వస్తున్నాడా? ఎవరి దగ్గరికి, నీ దగ్గరికేనా? ఈ మధ్య కిల్లారూ నుంచి ఇక్కడికి వచ్చిన కొలీన్‌ను అడిగితే, "అదేమిటి, వాళ్ళిద్దరూ కలిసి నలభై ఏళ్ళుగా కంచెలు కడుతున్నారు కదా, మీకు తెలియదా?" అంది. తెలియదమ్మా అన్నాను. నా సొంత తమ్ముడు ఏడాదికి మూడు ఉత్తరాలు రాస్తాడు, వానల గురించి అన్నీ రాస్తాడు, ఇది రాయలేదు అన్నాను. సిగ్గుతో చచ్చాను.

మీ బావకు ఈ సంగతి చెప్పలేదు. చెబితే ఏమవుతాడో తెలియదు.

నువ్వు ఒప్పుకున్నావనే ఆయన అనుకుంటున్నాడు. నిన్న మధ్యాహ్నం షెడ్డులో బంగాళాదుంపలు ఏరుతున్నాను. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"క్లెమ్ వెళ్ళాడంటావా?"

"వెళ్తాడు. వాడి నడక నీకు తెలుసుగా."

"వాడు వెళ్ళి చెబితే చాలు. ఇంకెవడు చెప్పినా ఊరు తూకం వేస్తుంది. క్లెమ్ మాట్లాడడు గానీ, మాట్లాడితే అబద్ధమాడడు. అది ఊరందరికీ తెలుసు."

అలా అన్నాడురా. నీ మీద అంత నమ్మకం పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరికి భయపడుతున్నావు నువ్వు? వాలీకా? స్నేహం పోతుందనా? మీ బావ యాభై ఏళ్ళు కుంటుతూ నడిచాడు, మళ్ళీ గుర్రమెక్కలేదు, ఊరు విడిచి ఈ ఎర్రమట్టిలో దుంపలు తవ్వుకున్నాడు. ఏ రోజూ గోల చెయ్యలేదు. ఆ ఒక్క వాక్యం తీయించమని అడుగుతున్నాడు.

ఇంకో నాలుగు వారాలుంది. ఈసారి వాతావరణం రాశావంటే చించి పారేస్తాను.

అయిలీన్


కిల్లారూ
12 మార్చి 1996

అక్కకు,

ఈ ఉత్తరం నాలుగోసారి రాస్తున్నాను. మూడు పొయ్యిలో వేశాను. ఇది వెయ్యను.

జీను వాలీ తియ్యలేదు. నేను తీశాను.

జరిగింది వరసగా చెబుతాను. బ్రాకెన్ ఆఖరి కంచె దాటేసరికి కర్నల్ కన్నా రెండు గుర్రాల పొడుగు ముందుంది. గీత దాటింది. గీతకు అవతల నలభై గజాలకు నేల ఇంకా వరద ఒండ్రుతో మెత్తగా ఉంది. అక్కడ జారి మోకాళ్ళ మీద పడింది. బావ దాని తల మీదుగా పోయి పడ్డాడు. అందరూ అటు పరిగెత్తారు. నేనూ పరిగెత్తాల్సింది.

ఈలోగా అది లేచి, అలవాటుగా రేకుల షెడ్డు వెనక్కి, నా దగ్గరికి వచ్చింది. దాన్ని తల్లి పాలు మాన్పించిన నాటి నుంచి నేనే చూస్తున్నాను. దానికి ఊపిరి ఆడటం లేదు. పడినప్పుడు జీను మెలిపడి, పొట్ట కింది పట్టీ ముందుకాలి వెనక కోసుకుపోయింది. నెత్తురు మోకాలి దాకా కారుతోంది. గుడ్లు తేలేసింది. నేను ఒక బకిలు విప్పాను. రెండోదీ విప్పాను. జీను తీసి దడి మీద పెట్టాను. నా కోటు దాని మీద కప్పాను. అప్పుడు ఊపిరి తీసుకుంది.

ఆ నిమిషంలో నాకు పందెం గుర్తు లేదు. నియమం తెలియక కాదు. ఆ షెడ్డు తలుపు మీదే పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

అధికారి వచ్చాడు. "ఎవరు తీశారిది?" అని అడిగాడు. నేను బ్రాకెన్‌ను గుండ్రంగా నడిపిస్తున్నాను, తల వంచుకుని. దడి పక్కన కర్నల్‌ను పట్టుకుని వాలీ ఉన్నాడు. అధికారి అతని వంక చూశాడు. "నాకేం తెలుసు?" అన్నాడు వాలీ. ఈ చుట్టు అయ్యాక చెబుదాం అనుకున్నాను. చుట్టు అయింది. ఇంకొకటి అయ్యాక చెబుదాం అనుకున్నాను. ఈలోగా గంట కొట్టి, కర్నల్ గెలిచిందని ప్రకటించారు. జీను కింద సీసం అటూ ఇటూ అయి ఉండవచ్చని ఎవరో అన్నారు. అక్కడి నుంచి ఆ మాట పుట్టింది.

మర్నాడు ఆసుపత్రికి వచ్చాను. చెబుదామనే వచ్చాను. "వాలీ పనే కదరా?" అన్నారు మీరు. నేను తల ఊపాను. ఆ విషయంలో నేనాడిన అబద్ధం అదొక్కటే. అది చాలింది.

ఆ తరవాత వాలీకి ఎవరూ గుర్రాన్ని అప్పగించలేదు. ఆర్మిటేజ్ గారు కూడా మాన్పించారు. ఊళ్ళో "జీను స్నెల్" అని పిలిచేవారు. పాల ఫ్యాక్టరీలో క్యాన్లు కడిగాడు. యాభై అయిదులో కంచెల పని నాకు అప్పగించారు. రెండో మనిషి కావాలంటే వాలీని అడిగాను. ఎందుకు తననే అడిగానని అతను అడగలేదు. నేను చెప్పలేదు.

నువ్వు బావకు చెప్పేలోగా నేను ఇక్కడ చెప్పాల్సిన వాళ్ళకు చెబుతాను. ముందు వాలీకి.

క్లెమ్


కిల్లారూ
29 మార్చి 1996

అక్కకు,

నీ నుంచి జవాబు లేదు. రాయమని అడగను. ఇక్కడ ఏం జరిగిందో తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

వాలీకి చెప్పాను. ఇద్దరం మూడో కంచె కడుతున్నాం. "వాలీ, నలభై ఏడులో ఆ జీను తీసింది నేను" అన్నాను.

"ఏ జీను?"

"బ్రాకెన్‌ది."

చేతిలో కొమ్మ కింద పెట్టాడు. కత్తెర బల్ల మీద పెట్టాడు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. నాలుగు రోజులు రాలేదు. నేను ఒక్కణ్ణే మూడు కంచెలు కట్టాను.

అయిదో రోజు పొద్దున వచ్చాడు. నేను కట్టినవి చూశాడు. "ఏం కట్టావురా ఇది, కోడిగూడా? గుర్రం కాలు ఇరుక్కుంటే విరిగి చేతికొస్తుంది" అని మొదటి దానిలో కొమ్మలన్నీ లాగేశాడు. మూడూ విప్పేశాడు. మళ్ళీ మొదటి నుంచి కట్టాం. మధ్యాహ్నానికి ఒక కంచె పూర్తయింది. చాయ్ తాగేటప్పుడు అన్నాడు.

"మా అమ్మ పోయేదాకా అడిగేది. నువ్వే తీశావా నాయనా అని. లేదమ్మా అనేవాణ్ణి. సరేలే అనేది. మర్నాడు మళ్ళీ అడిగేది."

అతని కప్పులో ఇంకాస్త చాయ్ పోశాను.

"కమిటీకి ఎప్పుడు చెబుతావు?" అన్నాడు.

"గురువారం."

"నేనూ వస్తా. వెనక కూర్చుంటా. అక్కడ నీ నోరు మూసుకుపోతే పొడవడానికి ఎవడో ఒకడు ఉండాలిగా."

గురువారం హాలుకు వెళ్ళాం. ఏడుగురున్నారు, హిలరీ కూడా. కాగితం మీద రాసుకున్నది చదివాను. తరవాత హిలరీ నిదానంగా చెప్పింది.

"ఫలితం మార్చలేం, బాబాయ్. మా తాతగారి గుర్రమని కాదు. నియమం ప్రకారం గెలిచింది కర్నలే."

"మార్చమనలేదమ్మా. మా బావ డెస్ దొంగ కాడని వెయ్యండి."

ఒక పెద్ద సభ్యుడు లేచి, "పొరపాటున జీను ముందే తీసేశారు అని వేద్దాం. క్లెమ్ పేరు దేనికి? ఇన్నేళ్ళు మనకు కంచెలు కట్టిన మనిషి. పండగ పుస్తకంలో ఇదంతా ఎందుకు?" అన్నాడు. మిగతావాళ్ళు అవునంటే అవునన్నారు. నా మంచి కోరే అన్నారు.

నేను ఒప్పుకోలేదు. "నా పేరు వెయ్యకపోతే ఊరు వాలీ పేరు వేసుకుంటుంది. యాభై ఏళ్ళు అలాగే వేసుకుంది. పేరుతోనే వెయ్యండి. లేకపోతే ఈ ఏడు కంచెలు నిలబెట్టడానికి వేరే మనిషిని చూసుకోండి" అన్నాను. నేను ఏ సభలోనూ ఇంత మాట్లాడలేదు. వెనక నుంచి వాలీ, "పొడిచే పని లేకుండా పోయింది" అన్నాడు.

హిలరీ అక్కడికక్కడే రాసి చదివింది. ఇలా వస్తుంది.

"ముందుగా గీత దాటిన బ్రాకెన్, 130 పౌండ్లు, రౌతు డి. లోనర్గన్, దాని సంరక్షకుడు సి. హెనెబరీ అధికారి రాకమునుపే జీను తీసినందున తొలగించబడింది. రౌతు మోసిన బరువు విషయంలో ఏ అనుమానమూ లేదు. ఈ విషయంలో మరెవరికీ సంబంధం లేదు."

నిన్న అచ్చుకి పోయింది.

క్లెమ్


అల్వర్‌స్టన్
9 ఏప్రిల్ 1996

క్లెమ్,

నీ రెండు ఉత్తరాలూ నా ఏప్రన్ జేబులో ఉన్నాయి. మీ బావకు చదవలేదు.

మొదటిది చదివాక రెండు రోజులు నీ మీద కోపంతో దుంపలు తవ్వాను. రెండు వరసలు ఒక్కదాన్నే తవ్వాను, ఈ వయసులో. మీ బావ కిటికీలోంచి చూసి, "ఎవరిని పాతిపెట్టడానికే ఆ గొయ్యి?" అన్నాడు. మా తమ్ముణ్ణి అందామని నోటిదాకా వచ్చింది.

మూడో రోజు ఇంకో సంగతి గుర్తొచ్చింది. అది రాయడానికే ఇన్నాళ్ళు పట్టింది. ఆ రోజు ఆసుపత్రిలో వాలీ పేరు ముందు ఎత్తింది మీ బావ కాదు. నేను. నేను ఏమీ చూడలేదు. జనంలో వెనక ఉన్నాను. ఎవరో ఒకరి మీద పెట్టుకోకపోతే ఆ మంచం పక్కన కూర్చోలేకపోయాను. ఆర్మిటేజ్ వాళ్ళ మనిషి కాబట్టి వాలీ సరిపోయాడు. "వాలీ పనే కదరా?" అన్నది నేనే. నువ్వు మర్యాదకు "మీరు" అని రాశావు. వద్దు. నేను.

అంటే నీ మీద కోపం పోయిందని కాదు. అది అలాగే ఉంది.

ఇప్పుడు విను. మే మొదటి వారంలో పుస్తకం ఇక్కడికి వస్తుంది. ఆయన భూతద్దం పెట్టుకుని ఆ పేజీ చూస్తాడు. నీ పేరు అక్కడ మొదటిసారి చూడకూడదు. ముందే వినాలి, నీ నోటితో వినాలి. నేను చెప్పను. నేను చెబితే మెత్తగా చెబుతాను, మెత్తగా చెప్పాల్సిన సంగతి కాదిది.

నువ్వు రా. మేం ఇక్కడికొచ్చి నలభై ఆరేళ్ళయింది, ఒక్కసారి రాలేదు. పడవెక్కితే వాంతులవుతాయని రాసేవాడివి. నిజమే కాబోలనుకుని అల్లం బిళ్ళలు కూడా పంపాను, పిచ్చిదాన్ని.

పందేనికి ముందు వారం రా. డెవన్‌పోర్ట్ రేవుకు నేనే కారు తెస్తాను.

అయిలీన్


కిల్లారూ
15 ఏప్రిల్ 1996

అక్కకు,

మంగళవారం, ఏప్రిల్ ఇరవై మూడున పొద్దున దిగుతాను. శుక్రవారం దాకా ఉంటాను. కంచెలు నిలబెట్టడం ఆ వారమే మొదలవాలి. వాలీ చూసుకుంటానన్నాడు. నేను లేకపోతేనే తిన్నగా నిలబడతాయన్నాడు.

బావ నన్ను ఇంట్లోకి రానివ్వకపోతే షెడ్డులో పడుకుంటాను. చెప్పకుండా మాత్రం తిరిగి రాను.

క్లెమ్


అల్వర్‌స్టన్
9 మే 1996

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు రేవులో సంచీ పట్టుకుని వెనక్కి చూడకుండా నడిచి వెళ్ళాక నీకు ఏం రాయాలో తెలియలేదు. ఇప్పుడు తెలిసింది.

నువ్వు చెప్పిన పొద్దున ఆయన కర్ర తీసుకుని లేచి గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు కదా. నువ్వున్న మూడు రోజులూ అన్నం గదిలోకే పంపించాను. నువ్వు గేటు బాగుచేశావు, దుంపలు తవ్వావు, తలుపు అవతల నుంచి రోజూ "పొలంలోకి వెళ్ళొస్తాను బావా" అన్నావు. దేనికీ జవాబు రాలేదు. నువ్వు వెళ్ళాక బయటికొచ్చి, "ఆ గేటు ఇప్పుడు బాగా పడుతోంది" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట లేదు, వారం రోజులు.

శనివారం రేడియో పెట్టమన్నాడు. నూరో పందెం ఇద్దరం విన్నాం. పదకొండు గుర్రాలు, ఒక్కటీ పడలేదు. నూట ఇరవై ఎనిమిది పౌండ్లు మోసిన ఆడగుర్రం గెలిచింది, నడిపింది ఒక అమ్మాయి. ఆఖరి కంచె దగ్గర మీ బావ కుర్చీలో ముందుకు వంగాడు, తనే దూకుతున్నట్టు. అయ్యాక, "కంచెలు బాగా కట్టారు" అన్నాడు. ఎవరు కట్టారో ఆయనకు తెలుసు. ఇద్దరూ తెలుసు.

సోమవారం పుస్తకం వచ్చింది. ఆ పేజీ తీసి చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు. "బరువు విషయంలో ఏ అనుమానమూ లేదు" అన్న చోట వేలు పెట్టి ఉంచాడు. తరవాత, "వాడు నీకు రాసిన ఉత్తరముందన్నావు. చదువు" అన్నాడు. చదివాను, మార్చి పన్నెండో తారీఖుది, మొదటి నుంచి చివరి దాకా.

"పట్టీ ఎక్కడ కోసుకుందన్నాడు?"

"ముందుకాలి వెనక. నెత్తురు మోకాలి దాకా వచ్చిందట."

చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. తరవాత అన్నాడు.

"నేనైనా తీసేవాణ్ణే."

నాకు ఏడుపొచ్చింది. నీకు అప్పుడే ఫోన్ చేద్దామని లేచాను. కూర్చోమన్నాడు.

"తీశానని చెప్పేవాణ్ణి" అన్నాడు.

రెండూ రాశాను. నీకు నచ్చింది ఒకటి ఉంచుకుని రెండోది పారెయ్యకు. రెండూ ఆయనవే.

వాలీ గురించి నేనే ముందు పేరెత్తానని అదే పూట ఆయనకు చెప్పాను. "గుర్తుంది" అన్నాడు. అంతే.

మంగళవారం కాగితం, కలం అడిగాడు. మూడు రోజులు బల్ల దగ్గరే. ఒక్కో వాక్యం రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాడు. నన్ను చూడనివ్వలేదు. అంటించిన కవరు ఇందులో పెట్టాను. పైన వాలీ పేరుంది. నువ్వే చేతికివ్వాలట, పోస్టులో వెయ్యకూడదట.

సెప్టెంబరులో దుంపలు నాటడానికి ఒక మనిషి కావాలి. నీకు రాయమన్నాడు. క్షమించానని రాయమనలేదు. మనిషి కావాలని రాయమన్నాడు.

అయిలీన్


కిల్లారూ
21 మే 1996

అక్కకు,

బావ అన్న రెండు మాటలూ ఉంచుకున్నాను.

కవరు వాలీకి ఇచ్చాను. కంచెలు విప్పి షెడ్డులో పేరుస్తున్నాం. బయటికి పోయి వెలుతురులో నిలబడి చదివాడు. రెండుసార్లు చదివాడు. నాకు చూపించలేదు. నేను అడగలేదు. మడిచి చొక్కా జేబులో పెట్టుకుని లోపలికి వచ్చాడు. మిగిలిన రెండు కంచెలూ పేర్చాం.

జవాబు రాస్తావా, నా ఉత్తరంతో పాటు పంపుతాను అన్నాను. రాయనన్నాడు. ఇలాంటిది కాగితం మీద పెట్టుకుంటూ కూర్చుంటే ఇద్దరిలో ఒకడు పోతాడు, మనిషికి ఎదురుగా చెప్పాలి అన్నాడు.

సెప్టెంబరులో దుంపలు నాటడానికి వెళ్తున్నానని చెప్పాను. కాసేపు చేతి తొడుగులు దులిపాడు.

"డెస్‌కి ఎడమ చెయ్యి పడిపోయిందన్నావు కదూ?"

"అవును."

"కుడి చెయ్యి?"

"బాగానే ఉంది. దాంతోనే రాశాడు."

"చెయ్యి కలిపేంత గట్టిగా ఉందా?"

"గట్టిగానే ఉంది."

"అయితే వస్తాను" అన్నాడు.

పడవలో ఇద్దరికి చోటు అడిగాను. సెప్టెంబరు పదో తారీఖు, మంగళవారం పొద్దున దిగుతాం. బావకు చెప్పు.

క్లెమ్